ఏరి, పేర్చి, ఆడి, సాగనంపి: బతుకమ్మలో విశ్రాంతి ఎక్కడుంది?

బతుకమ్మకు వాడే క్రియలను ఒకసారి వరసగా పెట్టి చూడండి. పూలు ఏరుకొస్తారు. బతుకమ్మను పేరుస్తారు. పేర్చాక ఆడతారు. ఆరో రోజు ఆమె అలుగుతుంది. తొమ్మిదో రోజు సాగనంపుతారు. ఈ వరసలో పూజ అనే మాట చాలా వెనక వస్తుంది, కళ అనే మాట అసలు రాదు. అయినా అక్కడ పూజ ఉంది, కళ ఉంది, ఆట ఉంది, పాట ఉంది. ఏది ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలైందో ఆడేవారు పట్టించుకోరు.

నలుగురూ కలిసి చేసే కళ మనసుకూ ఒంటికీ మేలు చేస్తుందని ఇప్పుడు ఆరోగ్య రంగంలోనూ గట్టిగా చెబుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన ఒక సమీక్ష మూడు వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి, కళలకూ ఆరోగ్యానికీ సంబంధం ఉందని తేల్చింది. కెనడాలోని మాంట్రియల్‌లో 2018 నుంచి కొందరు వైద్యులు రోగులకు మందులతో పాటు మ్యూజియం సందర్శన కూడా రాసిచ్చారు. ఇంగ్లండ్‌లో ఒంటరితనంతో, దిగులుతో వచ్చినవారిని పాటల బృందాలకూ తోటపనికీ చేతిపనుల కూటములకూ పంపడం ప్రభుత్వ ఆరోగ్య సేవలో భాగమైంది.

ఇలాంటి వార్త చదివినప్పుడల్లా నాకు చెరువుగట్టు గుర్తొస్తుంది. ఇదంతా మనవాళ్లకు ఎప్పుడో తెలుసని గొప్పలు పోవాలని లేదు. ఆట, ఆలన, విశ్రాంతి ఆ తొమ్మిది రోజుల్లో ఎలా ముడిపడి ఉన్నాయో విప్పి చూడాలని ఉంది. విప్పి చూస్తేనే ఏ పోగు తెగితే ఏది పోతుందో తెలుస్తుంది. ఇప్పుడు కొన్ని పోగులు తెగుతున్నాయి కాబట్టి ఈ పని అవసరం కూడా.

భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మతో పండుగ ముగుస్తుంది. మధ్యలో అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వేపకాయలు, వెన్నముద్దలు అని రోజుకో పేరు. దాదాపు అన్నీ తినే వస్తువుల పేర్లే. (వేపకాయలంటే చెట్టు మీదివి కావు, బియ్యప్పిండిని ఆ ఆకారంలో చేసి నూనెలో వేయిస్తారు.) ఊరిని బట్టి రోజుల లెక్క కొంత మారుతుంది. దీనికి ముందు పెళ్లికాని పిల్లలు మట్టితో బొడ్డెమ్మను చేసి ఆడతారు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది.

ఇక పేర్చడం దగ్గరికి వద్దాం. అసలు సంగతి అక్కడే ఉంది.

మా అమ్మమ్మ ఇంటి అరుగు మీద మధ్యాహ్నం నుంచే గునుగు కుప్ప పడేది. చేలల్లో కలుపులా మొలిచే మొక్క అది. కంకి తెల్లగా, కొస దగ్గర కాస్త గులాబీ రంగులో ఉంటుంది. పొద్దున్నే పొలాల వెంట తిరిగి దాన్నీ తంగేడునూ కోసుకొచ్చేది మగపిల్లలే. ఇత్తడి తాంబాళంలో ముందు గుమ్మడి ఆకులు పరిచేవారు. దాని మీద తంగేడు గుత్తులు, పువ్వు బయటికి, కాడ లోపలికి ఉండేలా అంచు వెంట ఒక చుట్టు. ఆ పైన గునుగు. కంకులను పిడికెడు తీసుకుని, తలలన్నీ సమంగా వచ్చేలా నేల మీద తట్టి, దారంతో కట్టి, కాడలను ఒక్క కొలతకు కత్తిరించాలి. కొన్ని కట్టలను రంగునీళ్లలో ముంచి ఆరబెడతారు. ఒక వరస తెలుపు, ఒక వరస ఎరుపు, మధ్యలో బంతి, చామంతి, కట్లపూలు. చుట్టు పైకి వెళ్లేకొద్దీ చిన్నదవుతుంది. చివర గుమ్మడి పువ్వు, పసుపుతో చేసిన గౌరమ్మ.

చుట్టూ వరసలు లేచేకొద్దీ లోపల గుంత ఏర్పడుతుంది. ఆ గుంతలో కత్తిరించిన కాడలు, తంగేడు ఆకు, నలిగిన పూలు వేసి అదుముతూ పోవాలి. బయటికి కనిపించే పూలను నిలబెట్టేది లోపలి ఆ తుక్కే. ఆ పని పిల్లలది. వరస పెట్టడం రాని కొత్త కోడలిదీ, చూపు ఆనని ముసలమ్మదీ. ఎవరి చేతికి ఏది వస్తే అది ఇచ్చే ఏర్పాటు ఇది. పని రానివారంటూ ఎవరూ మిగలరు. ఎవరిదైనా వరస వంకరగా వస్తే దాన్ని పీకి మళ్లీ పెట్టడం మా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. పై వరసతో సర్దేవారు. ఆమె కళ్లెదుటే పీకితే ఆమె మళ్లీ పూలు పట్టుకోదని అమ్మమ్మకు తెలుసు. మా మేనత్త మాత్రం ఎప్పుడూ చివర్లోనే వచ్చేది. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ ఆమె వచ్చేసరికి బతుకమ్మ నడుము దాకా లేచేది.

నైపుణ్యంతో పని లేదన్న ఈ మాటకు పరిశోధనలోనూ కొంత ఆధారం దొరుకుతుంది. ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దలకు మట్టి, రంగుల పెన్నులు, అతికించే కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు తోచింది చేయమంది. ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్‌ను కొలిచింది. మనం ఒత్తిడిలో ఉన్నప్పుడు పెరిగే హార్మోను అది. దాదాపు 75 శాతం మందిలో తగ్గింది. అంతకుముందు బొమ్మలు వేసిన అనుభవం ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాలేదు. 2016లో అచ్చయిన ఈ అధ్యయనం చిన్నది. పోల్చి చూడటానికి ఏమీ చేయకుండా కూర్చున్న మరో బృందం కూడా అందులో లేదు. కాబట్టి దీని మీద మేడలు కట్టలేం. కానీ 'నాకు చేతకాదు' అని దూరంగా నిలబడే మనిషికి చెప్పడానికి ఇది పనికొచ్చే మాటే.

పేర్చినవన్నీ కూడలిలోనో గుడి ముందో ఒకచోట చేర్చాక ఆట మొదలవుతుంది. ఒకరు పాట ఎత్తుకుంటారు. తక్కినవారు ప్రతి పాదం చివర 'ఉయ్యాలో' అనో 'చందమామ' అనో 'కోల్' అనో అందుకుంటారు. వందల పాదాల పాటైనా మనకు అంతా రానక్కర్లేదు, ఆ ఒక్క మాట వస్తే చాలు. అడుగు కూడా అంతే. కాస్త వంగి చప్పట్లు కొట్టి, నిటారుగా లేచి, పక్కకు జరగడమే. మొదటిసారి వచ్చిన మనిషి రెండో చుట్టుకల్లా కలిసిపోతుంది.

ఆక్స్‌ఫర్డ్‌లో ఐలునెడ్ పియర్స్, రాబిన్ డన్‌బార్ తదితరులు 2015లో ఒక ఆసక్తికరమైన విషయం చూపించారు. పాట నేర్చుకునే తరగతులకూ, చేతిపనుల, రచనా తరగతులకూ వచ్చే పెద్దవారిని ఏడు నెలలు గమనించారు. చివరికి అందరిలోనూ సాటివారితో దగ్గరితనం పెరిగింది. పాడేవారిలో మాత్రం అది చాలా త్వరగా వచ్చింది. చేతిపనిలో స్నేహం నెమ్మదిగా కుదురుతుంది, పాటలో ఇట్టే కుదురుతుంది. బతుకమ్మలో ఒకే సాయంత్రం రెండూ ఉన్నాయి. అరుగు మీద పూలు పేర్చేటప్పుడు ఇంటి మనుషులు, ఇరుగుపొరుగు మధ్య నెమ్మదిగా నడిచే ముచ్చట; కూడలిలో అంతగా పరిచయం లేనివారిని కూడా పావుగంటలో కలిపే పాట. ఈ అమరిక నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది.

కలిసి అడుగు వేయడానికి మరో ఫలితం కూడా ఉంది. బ్రెజిల్‌లో 264 మంది పాఠశాల విద్యార్థులతో బ్రాన్విన్ టార్ బృందం చేసిన ప్రయోగంలో, ఒకే లయలో కలిసి నాట్యం చేసినవారికి నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగింది, పక్కవారితో దగ్గరితనమూ పెరిగింది. శరీరంలో సహజంగా పుట్టే ఎండార్ఫిన్లు దీనికి కారణమని వారి అంచనా. పొలంలో నడుము వంచి వచ్చిన మనిషి రాత్రి పదింటి దాకా బతుకమ్మ చుట్టూ ఎలా వంగి లేవగలుగుతుందో చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. కొంత జవాబు ఇందులో ఉందనిపిస్తుంది.

ఇక్కడ గమనించవలసింది పాట వేగం. దాన్ని నిర్ణయించేది ఎత్తుకున్న మనిషి గొంతు. ఆ మనిషి చూపు ఎప్పుడూ వలయం మీద ఉంటుంది. పెద్దవారు వెనకబడుతుంటే పాట నిదానిస్తుంది, పిల్లలు ఎగురుతుంటే ఊపందుకుంటుంది. అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి కూడా వలయంలో ఉండగలగడం ఈ ఆట ప్రాణం. ఆలన అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టదు.

ఆలనకు ఇంకో ముఖం పాటలోని కథ. అత్తింటి కష్టాలు, పుట్టింటి మీద బెంగ, పోయిన బిడ్డలు, అన్నాచెల్లెళ్ల మమకారం బతుకమ్మ పాటల్లో నిండా ఉంటాయి. పెళ్లయిన ఆడపిల్లలు ఈ రోజుల్లో పుట్టింటికి వస్తారు. తన బాధ తన పేరుతో చెప్పుకోలేని మనిషి, కథలోని ఆడపడుచు పేరు మీద చెప్పుకోవచ్చు. చుట్టూ పాతికమంది ఉయ్యాలో అని ఊ కొడతారు. ఎవరూ ఏమైందని అడగరు, సలహా ఇవ్వరు. విన్నట్టు మాత్రం ప్రతి పాదానికీ తెలుస్తుంది. తెలంగాణ ఉద్యమంలో ఆడవారు రోడ్ల మీద బతుకమ్మలు పెట్టి ఆడినప్పుడు పనిచేసింది కూడా ఈ బలమే. ఒకరి గొంతులోని మాటను వందమంది తమదిగా అందుకోవడం.

అయితే వలయం అందరికీ తెరిచి ఉందని అంటే అబద్ధం అవుతుంది. పసుపు కుంకుమలు, వాయినాలు ఇచ్చిపుచ్చుకునే చోట భర్త పోయిన ఆడవారిని పక్కన నిలబెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాడకో వలయంగా, కులాన్ని బట్టి విడివిడిగా ఆడే ఊళ్లూ ఉన్నాయి. ఎవరి ఓదార్పు అందరికంటే అవసరమో వారినే బయట ఉంచిన ఆట సగం ఆటే. ఈ మాట పండుగను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. దాని లోపలి న్యాయం ప్రకారమే ఇది తప్పు అంటున్నాను. లోపలి గుంత నింపే పనికి అందరి చేతులూ కావాలి కదా.

విశ్రాంతి సంగతి అన్నిటికంటే చిక్కుది. విశ్రాంతి అంటే పడుకోవడమే అనుకుంటే ఈ తొమ్మిది రోజుల్లో అది లేనట్టే. దేశంలో 2024లో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవారు రోజుకు సగటున 289 నిమిషాలు, అదే పని చేసే మగవారు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఇంత పని మీద పండుగ పని అదనం. మరి విశ్రాంతి ఎక్కడుంది?

కొంత, పని స్వభావంలోనే ఉంది. వంట ఆలస్యమైతే ఎవరో ఆకలితో ఉంటారు. గునుగు కట్ట ఆలస్యమైతే ఎవరికీ ఏమీ కాదు. చెయ్యి ఆడుతుంది గాని, ఎవరికీ జవాబు చెప్పే బరువు ఉండదు. ఆ బరువు దిగడం కూడా ఒక రకం విశ్రాంతే.

ఇంకొంత, ఆరో రోజులో ఉంది. ఆ రోజు బతుకమ్మ అలుగుతుంది. పేర్చరు, ఆడరు. కొన్ని చోట్ల దీన్ని అర్రెం అంటారు. వెనకటికి బతుకమ్మకు మాంసం తగిలిందని, అందుకే అలిగిందని కథ చెబుతారు. కథ ఏదైనా, దాని ఫలితం నాకు ముద్దుగా ఉంటుంది. ఊరి ఆడవారందరూ ఒకేసారి ఆగడానికి దేవతే కారణం ఇచ్చింది. ఒక్క మనిషి 'ఈ రోజు నా వల్ల కాదు' అంటే మాట పడాలి. అమ్మవారే అలిగితే ఎవరేమంటారు?

ఇలాంటి తెలివి మన దగ్గర ఇంకోటి ఉంది. అది తెలుగువారందరిదీ. ఆషాఢంలో గోరింటాకు. రుబ్బిన ముద్ద రెండు చేతులకూ పెట్టుకున్నాక గంటల తరబడి ఏ పనీ ముట్టుకోకూడదు. ముక్కు దురద పుడితే పక్కవారు గోకాలి, ఆకలేస్తే ఎవరో ముద్ద కలిపి నోట్లో పెట్టాలి. రోజూ నలుగురికి పెట్టే చేతులు ఆ రాత్రి కట్టుబడి ఉంటాయి. ఆటగా మొదలైన అలంకారం, చూస్తుండగానే విశ్రాంతి అయింది, ఇంకొకరి ఆలన అయింది.

కానీ సద్దుల నాటి వంటింటిని తలుచుకుంటే ఈ వాదన తడబడుతుంది. పెరుగు సద్ది, చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్ది అంటూ అన్నాన్ని ఐదు రకాలుగా కలపాలి. కొన్ని ఇళ్లలో రొట్టెను పొడి చేసి బెల్లం కలిపి మలీద కూడా చేస్తారు. తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి సాయంత్రం ఆట సేద తీరుస్తుందా, లేక అది కూడా తీర్చవలసిన బాకీలా మిగులుతుందా? నా వరకు నా జవాబు స్పష్టం. పండుగ ఆడవారికి విశ్రాంతి కావాలంటే వంట చేతులు మారాలి. పొలానికి వెళ్లి పూలు తేవడంతో మగవారి వంతు తీరిపోదు.

తొమ్మిదో రాత్రి సాగనంపుతారు. గంటల తరబడి పేర్చినది నీటి మీద కాసేపు తేలి, ఒరిగి, విడిపోతుంది. దాచుకోవడానికి ఏమీ మిగలదు కాబట్టి పేర్చేటప్పుడు భయం ఉండదు. గోడకు తగిలించేదైతే మా అమ్మమ్మ కూడా ఆ వంకర వరసను సరిచేసి ఉండేదేమో.

ఇక్కడ ఒక మాట సరిచేయాలి. బతుకమ్మ పూలు చెరువును శుద్ధి చేస్తాయని చాలామంది రాస్తుంటారు. తంగేడుకు నాటు వైద్యంలో స్థానం ఉన్నది నిజమే. అంతమాత్రాన పూలన్నీ నీటిని బాగు చేస్తాయనలేం. పెద్ద మొత్తంలో పూలు నీటిలో కుళ్లితే అందులోని ప్రాణవాయువు తగ్గుతుంది. వానలకు నిండిన ఊరి చెరువులో నాలుగు వీధుల పూలు ఇబ్బంది కాకపోవచ్చు. లక్షలమంది ఉన్న నగరంలో మురుగు కలిసే చిన్న కుంటకు అది భారమే. రసాయన రంగులు, మెరుపు కాగితాలు, ప్లాస్టిక్ పూలు తోడైతే చెప్పనక్కర్లేదు. నిమజ్జనానికి వేరే కొలను కట్టి, మరునాడు పూలను ఎరువుకు పంపడం మంచి పద్ధతి. విదేశాల్లో ఉన్నవారు తొట్టెలో నీళ్లు నింపి సాగనంపుతున్నారు. బతుకమ్మ ఏమీ చిన్నబోలేదు.

ఇక తెగుతున్న పోగుల గురించి. మొదటిది, గొంతు. పెద్ద స్పీకర్లలో రికార్డు పాట పెట్టగానే వేగం యంత్రం చేతికి వెళ్తుంది. అది వలయం వైపు చూడదు. మా కాలనీలో పాట జోరందుకున్న రెండో నిమిషానికి అరవై దాటినవారంతా కుర్చీల్లోకి చేరతారు. వారికి పాటలు వచ్చు, అడుగు వచ్చు, ఆ వేగం మాత్రం రాదు. వారి నోట ఉన్న వందల పాదాలు వారితోనే ఆగిపోతున్నాయి.

రెండోది, బహుమతి. ఎత్తైన బతుకమ్మకు మొదటి బహుమతి అనగానే పేర్చడం వచ్చినవారు ముందుకు వస్తారు, రానివారు ఫోన్లు తీస్తారు. పిల్లల చేతులు పూల మీద పడకుండా జాగ్రత్తపడతారు. 2016లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో తొమ్మిది వేలకు పైగా ఆడవారు ఒకేచోట ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. అది గర్వించదగిన దృశ్యమే. కానీ మనిషికి ఓదార్పు దొరికే వలయం, ఎదుటి మనిషి ముఖం కనిపించేంత చిన్నది. ఏటా ఆడేది ఆ చిన్న వలయాలే కాబట్టి నా బెంగంతా వాటి మీదే.

దిగులు జబ్బుగా ముదిరినవారికి బతుకమ్మ మందు అవుతుందని నేను చెప్పడం లేదు. వారికి వైద్యం కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సమీక్ష కూడా కళ వైద్యానికి తోడు నిలుస్తుందనే చెప్పింది. ఏడాదిలో తొమ్మిది రోజులు మిగతా 356 రోజుల అలసటను తుడిచేయలేవు కూడా. కానీ ఆ తొమ్మిది రోజుల్లో కలిసిన మనుషులు తర్వాత కూడా పక్క వీధిలోనే ఉంటారు.

మా వీధిలో మూడేళ్లుగా సద్దులు మగవారు కలుపుతున్నారు. ఎవరు అన్నం వండాలి, ఎవరు నువ్వులు వేయించాలి అని ముందురోజే కాగితం మీద రాసుకుంటారు. మొదటి ఏడు పులిహోరలో ఉప్పు ఎక్కువైంది, కొబ్బరి సద్ది సమయానికి అందలేదు. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికే మా మేనత్త గునుగు కుప్ప ముందేసుకుని అరుగు మీద కూర్చుంది. ఆ ఏడు బతుకమ్మలో మొట్టమొదటి తంగేడు వరస ఆమె పెట్టింది.